ఏడో గెడ్డ

నా రాత 1. ఉదయం 5:35. బొండుగరువు, దారి మొదలు.

కడియం తన రాత తాను రాసుకుంటుంది. ఎన్ని అడుగులు, ఎంత ఎత్తు, గుండె ఎన్నిసార్లు కొట్టుకుంది, ఎక్కడ ఎంతసేపు తటపటాయించాను, అన్నీ. తటపటాయింపు అన్నది దాని మాటే. చెప్పులో ముల్లు తీసుకోవడానికి ఆగినా దానికి తటపటాయింపే. అందుకే పదహారేళ్ళుగా నా రాత నేను పెన్సిలుతో రాసుకుని ప్లాస్టిక్ సంచిలో దాచుకుంటున్నాను. రేపెవరైనా అడిగితే రెండు సాక్ష్యాలుండాలి.

పొద్దున్నే దారుల శాఖవాళ్ళ కడియం కాలికి బిగించగానే వార్తలు చదివే గొంతుతో అడిగింది. "నడిచేవారి పేరు?"

"జన్ని దాలమ్మ."

"నడిచేవారి ఊరు?"

"ఉసిరిగరువు."

"ఆ పేరుతో ఊరు లేదు."

"ఉంది."

"ఆ పేరుతో ఊరు లేదు. ఖాళీగా వదిలేస్తున్నాను."

ఏటా ఇదే మా పలకరింపు. నేను మానను, అది మానదు.

ఈసారి నా వెంట దారుల శాఖ పరిశీలకుడు ఒకాయన వచ్చాడు. తాడి ఈశ్వరరావు గారు. యాభై దాటిన మనిషి, తీరం నుంచి వచ్చాడు, కాళ్ళకి అట్టపెట్టె వాసన పోని కొత్త బూట్లు. నిబంధనలు పైకి చదివి వినిపించాలట. చదివాడు.

"తుమ్మెదబంద దారి. ఇరవై రెండు కిలోమీటర్లు, ఏడు గెడ్డలు. శాఖ నడక మనిషి ఏటా ఒకసారి నడిచి చూపిస్తేనే దారి పటంలో ఉంటుంది. ఏ నెలలో దారి కష్టమో ఆ నెలలోనే నడవాలి. సూర్యాస్తమయం లోపల, అంటే ఆరూ ముప్పై ఎనిమిది లోపల పూర్తి కావాలి. ప్రతి గెడ్డనీ కాలినడకనే దాటాలి, పాదం నేలకి తగలాలి. చెయ్యి పట్టుకోవచ్చు. పడవ కూడదు, బండి కూడదు, మనుషులు మోసుకుపోకూడదు."

"నన్నెవుడు మోస్తాడు బాబూ? డెబ్బై ఎనిమిది కిలోలు" అన్నాను.

ఆయన నవ్వలేదు. "కడియం ఎరుపు చూపిస్తే వెనక్కి తిరగవచ్చు. తిరిగితే తప్పు లేదు. ఎరుపులో దిగితే మీ ప్రాణానికి శాఖ పూచీ లేదు. ఈ రోజు పూర్తి కాకపోతే దారి పటంలోంచి తీసివేయబడుతుంది."

దారి తీసేస్తే మందుల డ్రోను ఆ ఊరికి ఎగరదు. బడి తెర వెలగదు. నలభై రోజుల్లో ఊరివాళ్ళని దించి తీరం మేడల్లో పెడతారు. తుమ్మెదబందలో ముప్పై ఎనిమిది మంది ఉన్నారు. ఇన్నేళ్ళూ ఆ ఊరి మనిషే, పాంగి సుక్రు, ఆ దారి నడిచేవాడు. మొన్న వేసవిలో పోయాడు. ఊళ్ళో నడక పరీక్ష పాసైనవాళ్ళు ఇంకెవరూ లేరు, అందుకని నన్ను పంపారు. నేనెప్పుడూ ఆ ఊరు చూడలేదు.

నా రాత 2. 7:20. రెండో గెడ్డ అవతల.

ఒకటోది మోకాలు లోతు, రెండోది కొంచెం పైన. కడియం పచ్చగా ఉంది. నిజానికి ఇవన్నీ ఒకే ఏరు. కొండని చుట్టుకుంటూ అటూ ఇటూ తిరుగుతుంది, దారేమో నిటారుగా పోతుంది, అందుకని ఏడుసార్లు ఎదురుపడుతుంది.

ఒకటో గెడ్డ దగ్గర ఈశ్వరరావు గారు కూర్చుని బూట్లు విప్పబోయాడు, తడిసిపోతాయని.

"వేసుకునే దిగండి. అడుగున రాళ్ళు పాచి పట్టున్నాయి. తడిసిన బూటు ఆరుద్ది, విరిగిన కాలు ఆరదు" అన్నాను.

ఆయన కొత్త బూట్ల వంక దిగులుగా చూసి దిగాడు. దిగేముందు సంచి నడుముకి బిగించిన పట్టీ కూడా విప్పించాను. పడితే సంచి వదిలెయ్యాలి, సంచితో కలిసి పోకూడదు. ఏటికి ఎదురుగా మొహం పెట్టి, కర్ర ముందర పాతి, ఎండ్రకాయలాగా పక్కకి జరగాలి. ఒక్క కాలి మీద ఎప్పుడూ నిలబడకూడదు. ఇవన్నీ ఆయన చదివిన నిబంధనల్లో లేవు.

నా రాత 3. 9:40. మూడో గెడ్డ అవతల.

పసుపు.

ఇక్కడ వాన లేదు, పైన కొండ మీద కురుస్తోంది. నీళ్ళలో ఎండుటాకులు, నురగ వస్తున్నాయి. దిగేముందు ఒడ్డున నీళ్ళంచున తెల్లరాయి ఒకటి పెట్టాను. దాటి వెనక్కి చూస్తే రాయి మునిగింది. పావుగంట కూడా కాలేదు.

తొడల దాకా వచ్చింది. ఈశ్వరరావు గారు నా భుజం పట్టుకుని దాటాడు. అవతల కూర్చుని ఆనపబుర్రలోంచి సోడి అంబలి, అదే రాగిజావ, పోసిచ్చాను. ఒక గుక్క తాగి మొహం చిట్లించాడు, రెండో గుక్కకి సర్దుకున్నాడు, మూడోది అడిగి తాగాడు. కాళ్ళకి పట్టిన జలగలు నేను ఉప్పుతో రాల్చుతుంటే అటు తిరిగిపోయాడు.

"మీకు భయం లేదాండీ?" అన్నాడు.

"ఉంది. దాన్ని కూడా మోసుకునే నడుస్తన్నాను. ఇరవై రెండు కిలోమీటర్లూ."

నా రాత 4. 11:05. చీలిక.

ఇక్కడ ఆగకూడదనుకుంటాను. అయినా ఏదో ఒక పని మీద ఈ కొండకి వచ్చిన ప్రతిసారీ ఆగుతాను.

మూడో గెడ్డ తర్వాత ఎక్కుడు. ఎక్కగా ఎక్కగా ఒక నల్లరాయి వస్తుంది. ఒకప్పుడు ఇక్కడ దారి రెండుగా చీలేది, ఎడమది ఉసిరిగరువుకి. ఇప్పుడు ఎడమవైపు ముళ్ళ డొంక తప్ప ఏమీ లేదు.

"తటపటాయింపు. మూడు నిమిషాలు" అంది కడియం.

"నోరుముయ్యి" అన్నాను.

ఈశ్వరరావు గారు అడిగాడు, నేను చెప్పాను. నాకప్పుడు పంతొమ్మిదేళ్ళు. మా ఊరి ముందర గెడ్డ ఒడ్డున అందరం నిలబడి ఉన్నాం, నడక మనిషి వస్తాడని. వచ్చాడు. అవతల ఒడ్డున నిలబడ్డాడు. కాలి మీద ఎర్రదీపం ఇవతలికి కూడా కనిపించింది. నీళ్ళు నడుము లోతే. మా నాన్న తాడు పట్టుకుని దిగి సగం దాకా వెళ్ళి చెయ్యి చాపాడు. నడక మనిషి అవతలే రాయి మీద కూర్చుని పొట్లం విప్పి అన్నం తిన్నాడు. చెయ్యి కడుక్కున్నాడు. మా వైపు చెయ్యి ఊపి వెళ్ళిపోయాడు. నలభయ్యో రోజున మమ్మల్ని దించేశారు. మా నాన్న మేడ మీద పద్నాలుగో అంతస్తులో కిటికీ పక్కన కూర్చుని రెండేళ్ళు బతికాడు. నేల మీద కాలు పెట్టాలంటే లిఫ్టుకి వరసలో నిలబడాలి.

ఆ మనిషి చేసింది తప్పు కాదట. నిబంధనలో ఉంది. ఇరవై ఎనిమిదేళ్ళయినా ఆ పొట్లం నాకు కళ్ళలో మెదిలితే ఒళ్ళు మండుతుంది.

"కొత్త దారి కోసం అర్జీ పెట్టుకోవచ్చు కదండీ?" అన్నాడు ఈశ్వరరావు గారు. "ఉన్న ఊరి నుంచి కొత్త దారి తెరవడానికి వీలుంది. నడక మనుషులైతే మరీ సులువు."

"అర్జీ పెట్టే మనిషికి ఊరుండాల. ఊరుండాలంటే ఆ ఊరికి దారుండాల. నాకు దారి లేదు గనక ఊరు లేదు. ఊరు లేదు గనక దారి అడగలేను."

ఆ నిబంధనలన్నీ ఆయనకి కంఠతా వచ్చు. ఈ వరసలో ఎప్పుడూ విన్నట్టు లేడు.

నా రాత 5. 1:40. నాలుగో గెడ్డ అవతల. తడి చేతులు, అక్షరాలు బాగా రావు.

ఎరుపు.

పన్నెండుకి ముందే చేరాం. ఏరు ఎర్రమట్టి రంగులో పొర్లుతోంది. దగ్గరికి వెళ్తే అడుగున రాళ్ళు దొర్లుతున్న చప్పుడు. ఆ చప్పుడు వినిపిస్తే దిగకూడదు, ఎంత మొండిదాన్నయినా నేనూ దిగను. కడియం మొదలుపెట్టింది. "వెనక్కి తిరగండి. తిరిగితే తప్పు లేదు." నిమిషానికోసారి, అదే గొంతు.

ఈశ్వరరావు గారు నా మొహం వంక చూశాడు. నేను రాయి మీద కూర్చున్నాను. పొట్లం మాత్రం విప్పలేదు.

నీళ్ళంచున రాయి పెట్టి చూశాను. యాభై నిమిషాలకి పెరగడం ఆగింది. ఇంకో పదికి వేలెడు దిగింది. దారి గీతకి అటూ ఇటూ వంద అడుగుల్లో ఎక్కడ దాటినా లెక్కకి వస్తుంది. పైకి వెళ్ళి వెతికితే ఏరు మూడు పాయలుగా విడిపోయిన చోటు దొరికింది. ఏరు ఇరుకైన చోట లోతు, వెడల్పయిన చోట మెతక. దూరం ఎక్కువని జనం అక్కడ దిగరు. రాళ్ళ చప్పుడు అక్కడ లేదు.

"మీరు రానక్కర్లేదు బాబూ. ఇక్కడే ఉండండి" అన్నాను.

"నేను రాకపోతే పరిశీలన లేదండీ. పరిశీలన లేకపోతే నడక చెల్లదు" అన్నాడు. ఆయన పెదవులు తెల్లబడిపోయాయి. అప్పుడు మొదటిసారి ఆ మనిషి మీద నాకు గౌరవం కలిగింది.

ఒకే వెదురు ఇద్దరం పట్టుకున్నాం, నేను పైవైపు, ఆయన కిందివైపు. మొదటి పాయ సరే. రెండోదాంట్లో నీళ్ళు రొమ్ముకి వచ్చాయి, ఆయన కాలి కింద రాయి జారింది. ఒక్కసారిగా ఆయన బరువంతా వెదురు మీద పడింది. భయం వేసింది. రాస్తున్నాను, దాచను, చాలా భయం వేసింది. "కర్ర ఒదలకు! ఒదిలీసినావంటే సంపేత్తాను!" అని అరిచాను. సర్కారు మనిషిని ఏకవచనంలో తిట్టాను. ఆయన వదల్లేదు. కుడికాలి బూటు మాత్రం ఏరు తీసుకుపోయింది.

ఇవతల ఒడ్డున ఆయన వాంతి చేసుకుని, నోరు తుడుచుకుని, కాగితం తీసి రాసుకున్నాడు. నాలుగో గెడ్డ, కాలినడకన, ఒంటిగంటా ముప్పై ఒకటి. నా తలగుడ్డ చింపి ఆయన కాలికి కట్టాను.

నా రాత 6. 4:15.

ఐదు, ఆరు అయ్యాయి. ఆరోదాంట్లో కొట్టుకొచ్చిన దుంగ నా ఎడమ మోకాలికి తగిలింది, ఊతకర్ర రెండుగా విరిగింది. మోకాలు బుర్రలా ఉబ్బింది. కూర్చుంటే లేవలేనని నిలబడే రాస్తున్నాను.

ఆరో గెడ్డ దాటాక ఈశ్వరరావు గారు అడక్కుండానే ఒక మాట చెప్పాడు. మేడల్లో తుమ్మెదబంద పేర ముప్పై ఎనిమిది మంచాలు పోయిన నెలలోనే కేటాయించేశారట. ఆయనే జాబితా చూశాడట, పేర్లతో సహా.

"అంటే నాను తిరిగొచ్చేత్తానని ముందే రాసీసుకున్నారేటి?"

"ఈ నెలలో, ఈ దారిలో, బయటి మనిషి దాటలేరని లెక్క వేశారండీ."

మోకాలు నొప్పి కొంత తగ్గినట్టనిపించింది. కోపం మంచి మందు.

నా రాత 7. 5:58. ఏడో గెడ్డ.

దాటాను. దాటలేదు.

తర్వాత రాస్తాను.

నా రాత 8. మర్నాడు ఉదయం 6:10. తుమ్మెదబంద.

వరసగా రాస్తాను, ఏదీ వదలకుండా.

ఐదున్నరకి ఏడో గెడ్డ చేరాం. అవతల ఒడ్డున ఊరంతా ఉంది. చంకల్లో పిల్లలతో, తలల మీద ఆకుల గొడుగులతో. మమ్మల్ని చూసి డప్పు కొట్టారు. కడియం పసుపు. నీళ్ళు నడుము లోతు, అరవై అడుగుల వెడల్పు. గంట సమయం ఉంది. అమ్మయ్య అనుకున్నాను.

నలుగురు ఆడవాళ్ళు ఏట్లో దిగి మావైపు వస్తున్నారు, భుజాల మీద డోలీ. ఎవరో జబ్బు మనిషిని కిందికి దించుతున్నారనుకుని పక్కకి జరిగాను. డోలీ ఖాళీగా ఉంది. తెచ్చి నా ముందర పెట్టారు.

"కూకో అమ్మా" అంది ముందున్న గట్టి మనిషి.

"వద్దు, నాను నడవాల" అన్నాను.

నలుగురూ నవ్వారు. "ఒకటి!" అన్నారు.

"వద్దమ్మా, మీకు తెలీదు..."

"రెండు!"

"వద్దంటే వద్దు!" అని అరిచాను.

"మూడు!" అని, అందరూ కలిసి నన్నెత్తి డోలీలో వేశారు.

వాళ్ళ ఊరి మర్యాద అది. చుట్టం కాలు ఏడో గెడ్డలో తడవకూడదు. చుట్టం మూడుసార్లు వద్దనాలి, అనకపోతే ఆశపడ్డట్టు. మూడు వద్దులూ అయ్యాక ఎత్తుకుపోవాలి. నేను ఎంత గట్టిగా అరిస్తే నాకు అంత మర్యాద తెలుసని మురిసిపోయారు. వాళ్ళ నడక మనిషి సుక్రు ఆ ఊరివాడే, ఆయన్ని ఏనాడూ మొయ్యలేదు. అందుకని డోలీకీ కడియానికీ ఇన్నేళ్ళలో ఎప్పుడూ తగాదా రాలేదు. పక్కన ఈశ్వరరావు గారు రెండు చేతులూ ఊపుతూ కేకలు పెడుతుంటే, "నీ వంతూ వస్తాది బాబూ, తొందరపడకు" అన్నారు.

దూకేద్దామనుకున్నాను. అప్పటికే నడి ఏట్లో ఉన్నాం. నేను కదిలితే ఆ నలుగురూ పోతారు. కూర్చున్నాను. పొద్దుట్నించీ అంత మెత్తగా నేను దాటిన గెడ్డ ఇంకోటి లేదు.

ఒడ్డున దించగానే కడియం మాట్లాడింది, ఊరంతా వింటుండగా. "పాదం నేలకి తగలలేదు. అరవై ఒక్క అడుగుల లోటు. దారి అసంపూర్తి."

డప్పు ఆగింది.

మొయ్యమని పంపింది సుక్రు భార్య సన్నెమ్మ. డెబ్బై ఏళ్ళ మనిషి, కాటుక పెట్టుకున్నట్టుండే కళ్ళు. నేను సంగతి చెబుతుంటే ఆమె చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. "మా సేతుల్తో మేమే సేసుకున్నామా?" అంది. ఆ మాట నన్ను కోసింది. నిజానికి వాళ్ళు తప్పేమీ చెయ్యలేదు.

ఈశ్వరరావు గారు నన్ను పక్కకి పిలిచాడు. ఆయన్నీ అప్పటికి మోసుకొచ్చేశారు. "నీళ్ళలో కడియాలు తప్పు చూపించడం మామూలేనండీ. పరికరం లోపం అని రాసి సంతకం పెడతాను. ఎవరూ అడగరు." ఉద్యోగం పోయే మాట, తెలిసే అన్నాడు.

"వద్దు బాబూ. లేని వంతెన పటంలో ఉందని నమ్మే గదా వరదలొచ్చిన యేడు అంతమంది పోనారు. అందుకే గదా ఈ నడక పెట్టినారు. పైయేడు ఎవుడో మీ సంతకం తవ్వి తీత్తాడు. దొంగ దారి మీద ఈలు బతకక్కర్లేదు. నాను మళ్ళీ నడుస్తాను."

ఆరూ ఐదయింది. అవతలికెళ్ళి మళ్ళీ రావాలి, ముప్పై మూడు నిమిషాలు. ఏటి వైపు నడిచాను.

సన్నెమ్మ అడ్డం నిలబడింది.

"నువ్వు దిగకు. సుట్టం కాలు ఏడో గెడ్డలో తడిస్తే ఏరు ఊరిని అడుగుద్ది. ఇత్తనాలు అమ్ముకునేవోడు ఒకడు ఇలాగే మొండికేసి దిగినాడు. ఆ వానల్లోనే మా మరిది ఎల్లిపోనాడు, ఈ నీల్లలోనే. దారి పోతే పోనీ. మనుసుల్ని ఇయ్యలేను."

ఆమె మొండితనం కాదది, భయం. వెనక నిలబడ్డ వాళ్ళందరి మొహాల్లోనూ అదే ఉంది. వాళ్ళ భయాన్ని కొట్టేసి దూకెయ్యడం నాకు చేతకాలేదు. దూకితే కడియానికి దారి మిగులుతుంది, వాళ్ళకి ఏటి పక్కన నిద్ర పట్టదు. ఆరు గెడ్డల్లో రాని ఏడుపు అప్పుడొచ్చింది. కడియం "తటపటాయింపు" అంది. దాన్ని తిట్టడానికి కూడా ఓపిక లేకపోయింది.

సన్నెమ్మ నా వంక చూసింది. "ఏ ఊరే నీది?"

"ఉసిరిగరువు."

"ఆ ఊరు లేదు గదే."

"లేదు. ఎర్రదీపం సూసి ఒకడు తిరిగెల్లిపోనాడు."

నేను తల తిప్పి పొద్దు వంక చూస్తున్నాను, కొండకి జానెడు పైన ఉంది.

"మా మేనత్తని ఉసిరిగరువులో ఇచ్చినాం" అంది. "ఆ వెనక కొండ మీంచే వొచ్చేది, ఏటేటా. ఏ ఇంట్లో ఇచ్చినామో గురుతు లేదు. మీ ఇంట్లోనే అనుకుంటాను."

గుంపులోంచి ఎవరో "అనుకుంటే సాలుద్దా అప్పా?" అన్నారు.

"ఊరు మనదే. అనుకునేదీ మనమే. నువ్వెవుతివే అడగడానికి?" అని ఆమె కసిరింది. నావైపు తిరిగింది. "నాకు కూతురి వరస అవుతావు. సుట్టానివి కావు."

వంగి దోసెడు నీళ్ళు తీసుకుని నా రెండు పాదాల మీద పోసింది. చల్లగా ఉన్నాయి. "ఈ ఊరి ఆడది. ఎల్లు. నీ కాళ్ళతో నువ్వు దాటు."

కాగితం మీద అబద్ధం వద్దన్నదాన్ని, ఈ మాట మాత్రం తల వంచి తీసుకున్నాను. ఇది అబద్ధమో కాదో తేల్చే కడియం ఇంకా పుట్టలేదు.

మోసిన నలుగురిలో ఒకామె, "అవతల దాకా డోలీలో దించేద్దామా, మోకాలు బాగులేదు గదా" అంది.

"ఊరి మనిసిని మొయ్యం" అంది సన్నెమ్మ. ఎవరో పకపకా నవ్వారు. ఊళ్ళో ఊపిరి తిరిగింది.

సుక్రు కర్ర తెచ్చి నా చేతికిచ్చారు. చెయ్యి పట్టే చోట అరిగి నున్నగా ఉంది. అవతలికి నడిచాను. ఆరూ పదిహేడు. అక్కడ ఒడ్డెక్కి, వెనక్కి తిరిగి, ఏటికి ఎదురుగా నిలబడేసరికి కడియం ఎరుపు తిరిగింది. పై కొండ వాన ఇక్కడికి చేరింది. నడుము లోతు నీళ్ళు పొట్ట లోతుకి లేచాయి.

"వెనక్కి తిరగండి. తిరిగితే తప్పు లేదు."

"తిరిగేకే వొచ్చినానే, మొద్దూ. ఊరివేపే తిరిగినాను" అన్నాను.

అప్పుడు అవతల సన్నెమ్మ ఏట్లోకి దిగింది. ఆమె వెనక మోసిన నలుగురూ, ఇంకో ఏడుగురూ. నాకు పైవైపున, ఒడ్డు నుంచి నడి ఏటి దాకా వరసగా నిలబడ్డారు, ఒకరి నడుము ఒకరు పట్టుకుని, నీటి జోరు తమ వీపుల మీద పట్టుకుంటూ. వరస చివర, ఒంటి బూటుతో, ఈశ్వరరావు గారు. ఆయన పాదాల మీదా దోసెడు నీళ్ళు పోశాకే సన్నెమ్మ దిగనిచ్చింది. చెయ్యి పట్టుకోవచ్చన్న నిబంధన ఆయన చదివిందే కదా.

సగం వరకు నేను ఒక్కదాన్నే. అడుగులు పైకి లెక్కపెట్టాను. ఇరవై రెండో అడుగులో మోకాలు మడతపడింది. నీళ్ళు గడ్డం దాకా వచ్చాయి. కర్ర నిలబడింది. ఇరవై తొమ్మిదిలో ఒక చెయ్యి దొరికింది, ఈశ్వరరావు గారిది. అక్కడి నుంచి చేతికి చెయ్యి, చేతికి చెయ్యి. ప్రతి చేతి దగ్గరా వాళ్ళు నా అంకె అందుకుని అరిచారు. నలభై. యాభై. యాభై తొమ్మిది దగ్గర సన్నెమ్మ చెయ్యి. చిన్న చెయ్యి, గోళ్ళలో పసుపు.

అరవై ఒకటి.

ఆరూ ముప్పై ఒకటి. పొద్దింకా కొండ మీదే ఉంది.

"దారి సంపూర్తి" అంది కడియం. ఈశ్వరరావు గారు నీళ్ళు కారుతూనే కాగితం మీద పెట్టి సంతకం చేశాడు. మేడల్లో ఆ ముప్పై ఎనిమిది మంచాల మీద ఎవరు పడుకుంటారో వాళ్ళే చూసుకుంటారు.

తర్వాత కడియం పొద్దుటి ఖాళీ మళ్ళీ అడిగింది, ముగింపులో ఒకసారి అడగడం దాని పద్ధతి.

"నడిచేవారి ఊరు?"

ఊరంతా నా వంక చూస్తోంది. సన్నెమ్మ కొంగు పిండుకుంటూ, నా వైపు చూడనట్టు చూస్తోంది.

"తుమ్మెదబంద" అన్నాను.

"ఆ ఊరికి దారి ఉంది. నమోదైంది."

పదహారేళ్ళలో అది నా మాటకి సరే అనడం ఇదే మొదలు. సన్నెమ్మ ఏడ్చింది, నేనూ ఏడ్చాను. ఆపైన కోడిని కోశారు, నేను రెండు ముద్దలు తిని అక్కడే ఒరిగిపోయాను.

ఇప్పుడు తెల్లారింది. మోకాలికి ఏదో ఆకు నూరి కట్టారు. ఈశ్వరరావు గారు అరుగు మీద ఒక కొత్త అర్జీ కాగితం పరిచి, గుండ్రటి అక్షరాలతో నింపుతున్నాడు. కాళ్ళకి సుక్రు చెప్పులు. అర్జీదారు, జన్ని దాలమ్మ, తుమ్మెదబంద. దారి మొదలు, తుమ్మెదబంద. దారి తుది ఏమని రాయాలండీ అని అడిగాడు. తెలుసు ఆయనకి. నా నోటితో వినాలని అడిగాడు.

సన్నెమ్మ రెండు కత్తులు నూరుతోంది. వాళ్ళ మేనత్త వచ్చే దారి వెనక కొండ మీదుగా ఏడు కిలోమీటర్లు, గెడ్డ ఒకటే. మా నాన్న తాడు పట్టుకుని చెయ్యి చాపిన గెడ్డ కాదు, దానికి పైది. డొంకలు నరుక్కుంటూ పోవాలి. మోకాలు తగ్గాక వెళ్దామన్నాను. "మోకాలు తగ్గుద్ది, వాన తగ్గదు. లెగు" అంది.

లేస్తున్నాను. కడియం తటపటాయింపు అనడం లేదు.

దారి తుది, ఉసిరిగరువు.